గుంటగలగరని గుర్తుపట్టగలరా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. గుంటగలగర విషయంలో మనం ఇంకో అడుగు ముందుకేశాం. పెరట్లో మొలిస్తే పీకి పారేస్తున్నాం, అదే సీసాలో కనిపిస్తే డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం! తలనూనెల మీద 'భృంగరాజ్' అని పెద్ద అక్షరాలతో కనిపించేది ఈ మొక్కే మరి.

చామంతి కుటుంబానికి చెందిన దీని శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. వరి పొలం గట్టున, పంటకాలువ ఒడ్డున, బావి దగ్గర నీళ్లు పారేచోట తనంతట తానే మొలుస్తుంది. రైతుకి అది కలుపు. ఇంట్లో ఆడవాళ్లకి మాత్రం కాటుక. ఆకు రసంలో గుడ్డ తడిపి, ఆరబెట్టి, వత్తి చేసి ఆముదంతో దీపం వెలిగించి ఆ మసిని పట్టేవారు. లేత ఆకుల్ని వేయించి, ఎండుమిర్చి, చింతపండు వేసి పచ్చడి నూరేవారు.

ఇప్పుడు చాలామందికి పేరు తెలుసు, మొక్క తెలియదు. దాంతో తెల్లపువ్వు కనిపిస్తే చాలు, అదే అనుకుని కోసుకొచ్చేస్తున్నారు. రోడ్డు పక్కన మెట్టనేలలో పెరిగే గడ్డిచామంతి దీనికి చుట్టమే కానీ, ఇది కాదు. దాని పువ్వు పొడవాటి కాడ చివర నిలబడుతుంది, మధ్యలో పసుపుగా ఉంటుంది, గింజలు దూదిలా గాల్లో ఎగురుతాయి. పార్కుల్లో నేలంతా పరుచుకునే పసుపు పూల మొక్కా గుంటగలగర కాదు. అసలు దాని ఆకులు సన్నగా, కోలగా, ఎదురెదురుగా ఉండి గరుకుగా తగులుతాయి. పువ్వు చిన్నది, మొత్తం తెలుపే. అనుమానముంటే ఆకుని అరచేతిలో నలపండి. కాసేపటికి ఆ పసరు నల్లబడుతుంది.

మురుగుకాలువ పక్కన ఏపుగా పెరిగిందని మాత్రం కోయకండి. ఆ నీటిలోని క్రిములూ, విషలోహాలూ ఆకుతోపాటే మన ఇంటికొస్తాయి. అంతకంటే కుండీలో పెంచుకోవడమే మేలు. తొలకరి పడగానే మూడు నాలుగు కణుపులున్న కొమ్మను మట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలో గుచ్చితే సులువుగా వేళ్లు పోసుకుంటుంది. గింజలైతే పైపైన చల్లాలి. వెలుతురు తగిలితేనే మొలుస్తాయి కాబట్టి లోతుగా కప్పకూడదు. ఎండ తగిలేచోట పెట్టి, మట్టి ఆరకుండా చూసుకుంటే చాలు. నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పూలు ముదరకముందే కోయకపోతే పక్క కుండీలన్నీ దానివే!

నూనె కాచేందుకు ఆయుర్వేద పద్ధతిలో నూనెకి నాలుగింతలు రసం పోస్తారు. సన్నని సెగ మీద తడంతా ఇగిరి, చిటపటలు ఆగాకే దించాలి. తడి మిగిలితే నూనె పాడవుతుంది. మరి జుట్టు మొలుస్తుందా? ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో వెంట్రుకల పెరుగుదల కనిపించింది. మనుషుల్లో బట్టతల మీద జుట్టు తెప్పిస్తుందని మాత్రం గట్టి రుజువుల్లేవు.

అసలు జాగ్రత్త పడాల్సింది కామెర్ల దగ్గర. గుంటగలగర పసరు తాగిస్తే తగ్గిపోతాయన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. కామెర్లకి కారణాలు అనేకం. కొన్ని వాటంతటవే తగ్గుతాయి, కొన్నింట్లో ఆలస్యం చేస్తే కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష, డాక్టరు... ఆ తర్వాతే ఏదైనా. అలాగే ఇంటి కాటుక ఎంత శ్రద్ధగా పట్టినా పసిపిల్లల కళ్లకు పెట్టొద్దన్నదే వైద్యుల మాట.

ఈసారి ఊరెళ్లినప్పుడు నాయనమ్మనో, అమ్మమ్మనో పొలం గట్టుకి తోడు తీసుకెళ్లండి. ఆకు నలిపి చూపించి, పచ్చడి ఎలా నూరాలో కూడా వాళ్లే చెబుతారు. వచ్చేటప్పుడు రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోవడం మరిచిపోకండి!