పావు డాలరు ప్రేమలు

"ఆ రోజుల్లో ఫోన్లు లేవు, అయినా చుట్టరికాలు నిలబడ్డాయి. ఇప్పుడు చేతిలో ఫోనుంది, పలకరించే తీరికే లేదు." ఈ డైలాగు వినని తెలుగువాడు ఉండడేమో. పెళ్ళిళ్ళలోనూ, తెలుగు సభల్లోనూ మైకు దొరికిన ప్రతి పెద్దమనిషీ అందుకునే పాట ఇది. అమెరికాలో సభ అయితే సాక్ష్యంగా ఓ పాతకాలపు బొమ్మ కూడా చూపిస్తారు. పందొమ్మిదో శతాబ్దపు పొలం, మధ్యలో చెక్క ఇల్లు, దీపం ముందు కూర్చుని ఉత్తరం చదువుకుంటున్న రైతు కుటుంబం. ఆహా, ఏం ఆప్యాయతలండీ!

ఆ బొమ్మ అబద్ధమని నేననను. అందులో సగమే ఉంది. మిగతా సగం కూడా చూద్దాం.

ముందు డబ్బు సంగతి. 1816 నుంచి 1845 దాకా అమెరికాలో 400 మైళ్ళు దాటి వెళ్ళే ఒక్క కాగితం ఉత్తరానికి 25 సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. పొలంలో పనికి కుదిరిన జీతగాడికి తిండి పెట్టి నెలకి ఇచ్చేది సుమారు పది డాలర్లు. నెల జీతంలో నలభయ్యో వంతు ఒక్క కాగితానికే పోతుందన్నమాట! పైగా చాలా ఉత్తరాలకి డబ్బు కట్టేది రాసినవాళ్ళు కాదు, అందుకున్నవాళ్ళు. అమ్మానాన్నలు వెర్మాంట్‌లో, కొడుకు ఇల్లినాయ్‌లో ఉంటే, కొడుకు క్షేమం తెలుసుకోవడానికి ముసలాళ్ళు పావు డాలరు చెల్లించుకోవాలి.

జనం ఊరుకుంటారా? వార్తాపత్రిక పంపడానికి మాత్రం ఒకటీ, ఒకటిన్నర సెంట్లే. అందుకని పాత పేపరు తీసుకుని, కావలసిన అక్షరాల దగ్గర సూదితో గుచ్చో, చుక్కలు పెట్టో, వరసగా కలుపుకుంటే కబురు తెలిసేలా చేసి పోస్టులో పడేసేవాళ్ళు. రూల్సు ప్రకారం అది తప్పే. మనవాళ్ళు ఊరు చేరగానే మిస్డ్ కాల్ కొట్టి "క్షేమంగా చేరాను" అని చెప్పిన రోజులు గుర్తున్నాయా? అదీ ఇదీ ఒకటే, టారిఫ్‌లో ఉన్న బగ్‌కి జనం రాసుకున్న ప్యాచ్ :) మరి మనది పిసినారితనం, వాళ్ళది ఆప్యాయత ఎలా అయింది?

1845లో 300 మైళ్ళలోపు రేటు 5 సెంట్లు చేశారు. 1851లో ముందే డబ్బు కడితే 3000 మైళ్ళ దాకా 3 సెంట్లన్నారు. ఇక ఉత్తరాలు గుట్టలు గుట్టలు. అంటే 1851లో అమెరికా వాళ్ళకి హఠాత్తుగా అమ్మానాన్నల మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? ప్రేమ ముందూ ఉంది. రేటే దిగొచ్చింది.

ఇక రాకపోకలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఇచ్చింది 160 ఎకరాలు, అంటే అర మైలు పొడవు, అర మైలు వెడల్పు. మన ఊళ్ళలోలాగా ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు బయటా కాదు. ఎవరి పొలంలో వాళ్ళ ఇల్లు. అయిదేళ్ళు అక్కడే కాపురం ఉండాలి, ఆర్నెల్లకి మించి వదిలేస్తే భూమి పోతుంది. పాడి ఉంటే రెండు పూటలా పాలు పితకాలి. ఇక పుట్టింటికి వెళ్ళేదెప్పుడు?

ఆ చెక్క ఇంటి బొమ్మని లోకానికంతటికీ చూపించిన రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్‌నే తీసుకోండి. 1894లో భర్తతో, కూతురితో బండి కట్టుకుని డకోటా నుంచి మిస్సోరీ వెళ్ళిపోయింది. 1902లో తండ్రి చావుబతుకుల్లో ఉంటే వచ్చి చూసింది. తల్లి 1924లో పోయింది. లారా మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టింది 1931లో. ఆవిడకి తల్లంటే ప్రేమ లేదని ఎవరైనా అంటారా? అనం. రెండేళ్ళకోసారి వచ్చిపోయే మన పిల్లల్ని మాత్రం "మర్చిపోయారు" అనేస్తాం.

"కానీ ఆ ఉత్తరాల్లో ఎంత లోతు ఉండేదండీ!" అంటారు. ఉండేది. అయితే మనకి దొరికినవి ఎవరో పెట్టెలో దాచుకున్న ఉత్తరాలు. తెగిపోయిన చుట్టరికాలు ఉత్తరాలు మిగల్చవు కదా. అసలు రాసే హక్కే లేనివాళ్ళ మాటేమిటి? దక్షిణాదిన చాలా రాష్ట్రాల్లో బానిసలకి చదువు చెప్పడమే నేరం. ఆ పొలాల్లో చెమటోడ్చిందీ కుటుంబాలే. తల్లిని ఒకడికీ, పిల్లల్ని ఇంకొకడికీ అమ్మేశారు. 1865లో బానిసత్వం పోయాక, అయినవాళ్ళ జాడ చెప్పమని పత్రికల్లో ప్రకటనలు వేయించుకున్నారు వాళ్ళు. ఏళ్ళ తరబడి వేయిస్తూనే ఉన్నారు. "ఆ రోజుల్లో చుట్టరికాలు నిలబడ్డాయి" అనే ముందు వీళ్ళని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నిలబడ్డ చోట ఎలా నిలబడ్డాయో కూడా చూడండి. నగరాల్లో ఇంటికే ఉత్తరం తెచ్చివ్వడం 1863లో మొదలైంది. రైతులకి అది 1896లో, వెస్ట్ వర్జీనియాలో, అదీ ప్రయోగంగా. మధ్యలో రైతు సంఘాలు అడగాల్సొచ్చింది, పోట్లాడాల్సొచ్చింది. ఉత్తరాల కోసం ఊళ్ళోకొచ్చే రైతు రాకపోతే బేరాలు పోతాయని కొట్లవాళ్ళు అడ్డుపడ్డారు కూడా!

ఇక ఇంట్లో, చాలాచోట్ల కలం పట్టింది ఆడవాళ్ళు. పాలు పితికి, వెన్న చిలికి, రొట్టె కాల్చి, బట్టలు కుట్టి, పిల్లలు పడుకున్నాక దీపం దగ్గర కూర్చుని రాసేవాళ్ళు. కాగితం ఆదా కోసం రాసినదాని మీదే అడ్డంగా మళ్ళీ రాసేవాళ్ళు. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు పోయారు, ఎవరి పంట పోయింది అన్నీ గుర్తుపెట్టుకుని రాయడం కూడా పనే. కూలి లేని పని.

నా గొడవంతా ఇక్కడే. ఆ పని ఇప్పటికీ ఎక్కువగా వాళ్ళ నెత్తి మీదే ఉంది. అత్తగారి మందులు, ఆడపడుచు పెళ్ళిరోజు, పెదనాన్న ఆపరేషను గుర్తుపెట్టుకుని ఫోన్ చేసేది ఎవరు? "చుట్టరికాలు పోయాయి" అని మైకులో వాపోయేది ఎవరు?

కాబట్టి పెద్దమనుషులూ, ఫోన్ని తిట్టకండి. పావు డాలరు కట్టి, పేపర్లు గుచ్చి జనం తెచ్చుకున్న సౌకర్యం ఇవాళ మీ జేబులో దాదాపు ఉచితంగా ఉంది. మీ తమ్ముడి నంబరు అందులోనే ఉంటుంది. మీ ఆవిణ్ణి చెయ్యమనకుండా మీరే నొక్కండి.