అమ్మవారికి ఆయుధం ఇచ్చారు.. మరి చెల్లికి?

దసరాల్లో మూలా నక్షత్రం రోజున బెజవాడ ఇంద్రకీలాద్రిపై దుర్గమ్మ సరస్వతీదేవిగా దర్శనమిస్తుంది. ఆ రోజు పెన్నులు, పుస్తకాలు పట్టుకుని క్యూలో నిలబడే విద్యార్థుల్లో మీరూ ఉండే ఉంటారు. పరీక్ష గట్టెక్కించమని మొక్కుకోవడంలో తప్పేం లేదు. కానీ ఇంటికొచ్చాక ఒక్కసారి ఆలోచించండి.

దేవీ మాహాత్మ్యం కథలో మహిషాసురుడిపై యుద్ధానికి అమ్మవారికి శివుడు శూలం, విష్ణువు చక్రం, ఇంద్రుడు వజ్రాయుధం ఇచ్చారు. 'ఆడపిల్లవి, నీకెందుకమ్మా' అని ఎవరూ అనలేదు. మరి మనమో? అబ్బాయికి హైదరాబాద్‌లో కోచింగ్, అమ్మాయికి ఊళ్లోనే డిగ్రీ. వాడికి కొత్త ల్యాప్‌టాప్, ఆమెకు వాడు వదిలేసిన పాత ఫోన్.

లక్ష్మీపూజ సంగతీ అంతే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకూ సమాన వాటా ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది. 2005 సవరణతో అది దేశమంతటా హక్కయింది. అయినా 'కట్నం ఇచ్చాంగా' అంటూ వాటా వద్దని ఆడపిల్లతో సంతకం పెట్టించుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలోనూ శుక్రవారం దీపం మాత్రం ఆగదు.

అబ్బాయిలూ, ఈ పండక్కి నాన్నతో ఒక్క మాట అనండి: 'నాకు కట్టే ఫీజు చెల్లికీ కట్టండి'. అమ్మాయిలూ, మీరే అడిగితే ఇంకా మంచిది. అడగడం అపచారం కాదు. విజయదశమి రావాలంటే ముందు ఆయుధం చేతికి రావాలి కదా!