జి.ఎం.సి.బాలయోగి హెలికాప్టర్ ప్రమాదం

2002 మార్చి 3న కృష్ణా జిల్లా (2022 నుండి ఏలూరు జిల్లా) కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో లోక్‌సభ సభాపతి గంటి మోహనచంద్ర బాలయోగి మరణించాడు. అతని అంగరక్షకుడు, పైలట్ కూడా ప్రాణాలు కోల్పోయారు. జి.వి.మావలాంకర్ (1956) తరువాత పదవిలో ఉండగా మరణించిన లోక్‌సభ సభాపతి ఇతడే.

నేపథ్యం

కోనసీమకు చెందిన బాలయోగి అమలాపురం నుండి తెలుగుదేశం అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1998 మార్చి 24న సభాపతి అయ్యాడు. ఈ పదవిని చేపట్టిన మొదటి దళితుడు ఇతడు. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయినపుడు సభను నడిపింది ఇతడే.

ప్రమాదం జరిగిన తీరు

ఆ ఉదయం భీమవరం నుండి హైదరాబాదుకు బయలుదేరిన ప్రైవేటు హెలికాప్టర్ బెల్ 206 రకానికి చెందినది. ఒకే ఇంజనుతో నడిచే చిన్న వాహనం. దారి సరిగా కనిపించకపోవడంతో పైలట్ మధ్యలోనే దిగటానికి ప్రయత్నించాడని ప్రాథమిక విచారణలో తేలింది. క్రింద ఉన్నది చేపల చెరువు. అది గట్టినేల అనుకొని పైలట్ హెలికాప్టర్‌ను దించాడు. నీరని తెలియగానే పైకి లేపబోగా రెక్క కొబ్బరిచెట్టుకు తగిలింది, తోక వైపు ఫంకా ఊడిపోయింది. హెలికాప్టర్ చెరువు అవతలి వైపు కూలిపోయింది.

విశ్లేషణ

వాతావరణం అనుకూలించనపుడు ముందుకు పోకుండా దిగిపోవాలనుకోవటం తప్పు కాదు. వైమానిక శిక్షణలో నేర్పేదీ అదే. చిక్కు దిగిన చోటుతో వచ్చింది. కొల్లేరు పరిసరాల్లో వరిపొలాలు చాలావరకు చేపల చెరువులుగా మారాయి. అల లేని నీరు పొగమంచులో పైనుండి చూస్తే చదునైన నేలలాగే ఉంటుంది, ఎంత ఎత్తులో ఉన్నదీ అంచనాకు అందదు. చెరువు గట్ల మీద కొబ్బరిచెట్లు, ప్రక్కనే కరెంటు తీగలు. దిగటానికి అనువుగా కనిపించేదే ఇక్కడ అపాయకరం.

తోక ఫంకా పోతే ఏమవుతుందన్నది కూడా గమనించాలి. పై రెక్కలు ఒక వైపు తిరిగితే హెలికాప్టర్ శరీరం రెండవ వైపు తిరగబోతుంది. దానిని అదుపులో ఉంచేది ఆ చిన్న ఫంకాయే. అది లేనపుడు, అంత తక్కువ ఎత్తులో, ఎంతటి పైలట్‌కైనా తేరుకొనే వ్యవధి దాదాపు ఉండదు.

కేంద్ర మాజీమంత్రి మాధవరావు సింధియా విమాన ప్రమాదంలో (2001 సెప్టెంబరు 30) మరణించి అప్పటికి అయిదు నెలలే అయింది. తరువాత 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ అప్పటి కర్నూలు జిల్లా నల్లమలలోని పావురాలగుట్టపై కూలి అయిదుగురు మరణించారు. దానికి రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్నారు. కైకలూరులో దిగబోయి ప్రమాదం జరిగితే, నల్లమలలో దిగకుండా ముందుకు సాగటంలో జరిగింది. రెండింటిలోనూ ప్రతికూల వాతావరణమే ఉంది. నాయకుల పర్యటనలకు ముందే గంటలు, సభలు ఖరారై ఉంటాయి. వెనుకకు మళ్ళుదామని పైలట్ అనగలిగే స్వేచ్ఛ ఎంత అన్నది ఇంజన్ల సంఖ్య కంటే ముఖ్యమైన ప్రశ్న.

తదనంతరం

2002 మే నెలలో మనోహర్ జోషి సభాపతిగా ఎన్నికయ్యాడు. అమలాపురం ఉపఎన్నికలో బాలయోగి భార్య విజయకుమారి గెలిచింది.