ముందుగదిలో పిల్లలకూ చోటు

హైదరాబాద్-విజయవాడ హైవే మీదున్న నల్గొండ జిల్లా కేతేపల్లిలాంటి ఊళ్లలో క్రైస్తవ కుటుంబాల ముందుగదికి రెండు పనులు. మామూలు రోజుల్లో అది పిల్లల ఆటస్థలం. గృహ ప్రార్థన పెట్టుకున్న సాయంత్రం పదిమంది కూర్చునే మందిరం. అల్లరి చేస్తారని కొన్ని ఇళ్లలో పిల్లల్ని లోపలి గదికి పంపేస్తారు. వాళ్లతోపాటు తల్లీ అక్కడే ఉండిపోతుంది. పిలిచిన ఇల్లాలికే ప్రార్థన దక్కదు.

పిల్లల్ని తెచ్చినవాళ్లను శిష్యులు గద్దిస్తే, యేసు కోప్పడి ఆ పిల్లల్ని ఎత్తుకున్నాడని మార్కు సువార్త 10వ అధ్యాయం చెబుతుంది. గది సర్దేటప్పుడు అది గుర్తుంటే చాలు.

టీపాయ్ తీసేసి మధ్యలో జంపఖానా పరిస్తే పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చోవచ్చు. కుర్చీలు గోడవారగా, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు. గాజు సామాను పై అరలోకి చేరిస్తే ‘ముట్టుకోవద్దు’ అనే కేకలు తగ్గుతాయి. కింది అరలో రంగు పెన్సిళ్లు, బొమ్మల బైబిలు కథలు ఉంచితే వచ్చినవాళ్ల పిల్లలూ కుదురుకుంటారు. టీవీని గోడకు బిగించడం మేలు. క్రిస్మస్ నెలలో కొవ్వొత్తులు, స్టార్ వైర్లు చిన్నచేతులకు అందకూడదు.

టీ కప్పులు పిల్లల తలల మీదుగా అందించొద్దు. ఒలికి కాలితే ఆ చోట 20 నిమిషాలపాటు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్ట్ రాయకూడదు.

పాట మధ్యలో ఏ బుజ్జిగాడో లేచి గంతులేస్తే కంగారెందుకు? వచ్చినవాళ్లు అద్దంలాంటి హాలు చూడ్డానికి రాలేదు కదా!