స్నేహానికి చందా ఎంత?

పాత విద్యార్థిని ఎవరైనా కాలేజీ సావనీరుకు రాస్తే, క్యాంటీన్ టీనీ, వరండా కబుర్లనీ తలచుకుని కళ్ళు తుడుచుకోవడం రివాజు. ఈసారికి నన్ను మన్నించండి. నేను డబ్బు సంగతి రాయదలచుకున్నాను.

మా అక్కయ్య కూతురు టెక్సస్‌లో పుట్టి పెరిగిన పిల్ల. యూనివర్సిటీలో చేరి నెల తిరక్కుండానే ఫోను చేసి, "పిన్నీ, సొరోరిటీలో చేరదామనుకుంటున్నా. అమ్మ వద్దంటోంది. నువ్వైనా చెప్పవూ!" అంది. సొరోరిటీ అంటే అక్కడి కాలేజీల్లో ఆడపిల్లల సంఘం. గ్రీకు అక్షరాలు పేరుగా పెట్టుకుని, ఒకరినొకరు 'సిస్టర్' అనుకుంటారు. "డబ్బు కట్టి అక్కచెల్లెళ్ళను కొనుక్కోవడమేమిటే!" అని నవ్వేశాను.

నవ్వడం నా తెలివితక్కువతనం. ఈ సంఘాలు ఉత్త సరదాకు పుట్టినవి కావు. 1870లో ఇండియానా రాష్ట్రంలో, అంతవరకూ మగపిల్లలదే అయిన కాలేజీలో అడుగుపెట్టిన నలుగురమ్మాయిలు ఒకరికొకరు తోడుగా కప్పా ఆల్ఫా తీటా స్థాపించారు. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్ అందులో సభ్యురాలే. 1998లో హ్యూస్టన్‌లో దక్షిణాసియా అమ్మాయిలకు డెల్టా ఫై ఒమేగా వచ్చింది. పెద్ద క్యాంపస్‌లో ఒంటరి పిల్లకు నా అన్నవాళ్ళు కావాలనుకోవడం తప్పా?

తప్పు కాదు. చిక్కల్లా లెక్క దగ్గరే. "చందా ఎంతో చెప్పారు కదా, మిగతావి కూడా రాయవే" అన్నాను. రాసింది. కొత్తగా చేరినందుకు ఒక ఫీజు, పిన్నుకు వేరు, టీషర్టులకు వేరు, గ్రూపు ఫోటోలకు వేరు, డాన్సు పార్టీకి గౌను, 'చిట్టి చెల్లెలి'కి కానుకలు, మీటింగుకు రాకపోతే జరిమానా. అన్నీ కలిపితే చెప్పిన చందాకు దాదాపు రెట్టింపు! సొంత భవనం ఉన్న సంఘమైతే గది అద్దె, భోజనం ఖర్చూ అదనం. కొన్నిచోట్ల అక్కడ ఉండనివాళ్ళూ భవనం పేర ఎంతో కొంత కట్టాలట.

కాలం సంగతీ అడిగాను. వారానికి మీటింగు రెండు గంటలు, కొత్తవాళ్ళ క్లాసు ఒక గంట, కలిసి చదవడం నాలుగు, సేవా కార్యక్రమం మూడు, వేడుకలు నాలుగు. వెరసి 14 గంటలు. అది కాక ఈ పిల్ల లైబ్రరీలో 12 గంటలు ఉద్యోగం చేస్తుంది. వాళ్ళ నాన్న ఫీజుల కోసం రాత్రి షిఫ్టులు చేస్తాడు.

ఇది వింటుంటే నాకు మన హాస్టల్ గుర్తొచ్చింది. ఆఖరి సంవత్సరం ఫేర్వెల్‌కు అందరూ ఒకే రంగు పట్టుచీర కట్టాలన్నారు. నన్ను ఎవరూ రావద్దనలేదు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నేనే జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఆ జ్వరం నిజం కాదని మా అమ్మకు కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. సంఘాలు ఉండాలి, చందాలూ ఉండాలి. ఊరికే ఏదీ నడవదు. కానీ ఖర్చు ఎంతో, గంటలు ఎన్నో, చేరకముందే ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టాలి. కట్టలేనివాళ్ళు నలుగురిలో నోరు విప్పి అడగాల్సిన పని ఉండకూడదు.

మా పిల్ల ఈ ఏడాదికి ఆగింది. రెండో ఏడాదిలోనూ చేరవచ్చట. ఆ సంఘం కోశాధికారిణి దగ్గరికే వెళ్ళి, "వాయిదాల్లో కట్టొచ్చా?" అని అడిగి వచ్చింది. సరేనన్నారు. అడగడానికి అది సిగ్గుపడలేదు. నేను సిగ్గుపడ్డాను, అంతే తేడా.

విద్యార్థి సంఘం కార్యవర్గానికి ఒక మాట. మన దగ్గర సొరోరిటీలు లేవు. కానీ విహారయాత్రకూ, ఫేర్వెల్‌కూ "తలకింత" అనే మాట ఉండనే ఉంది. ఈసారి ఆ మాట అనేముందు, ఆ రోజు ఏ గదిలో ఎవరికి జ్వరం వస్తుందో ఒక్కసారి ఆలోచించండి.