దుర్గంధ నివారణము – అధికారుల విధి

ప్రజలు అధికారులకు సమర్పించు అర్జీలలో మిక్కిలి అల్పముగా నెంచబడునది దుర్గంధమును గూర్చిన అర్జీ. బాటలో గుంత పడిన కొలిచి చూపవచ్చును. కొళాయి ఎండిన ఖాళీ బిందెలను వరుసగా నిలిపి చూపవచ్చును. వీథిదీపము వెలుగకున్న చీకటియే సాక్ష్యము పలుకును. దుర్గంధమునకు అట్టి సాక్షి లేదు. అధికారి విచ్చేయు గడియకు గాలి మరొక దిక్కునకు తిరుగును. ఆయన వెడలిన పిమ్మట మరల మొదటి దారినే వీచును. వేసవి రాత్రులందు కిటికీలు బిగించుకొని ఉక్కలో పరుండువాని బాధను, ముద్ద మింగుడుపడక కంచము ముందునుండి లేచిన ముసలివాని బాధను ఏ దస్త్రమున వ్రాయుదురు? కావుననే ఈ అర్జీ ఒక కచేరినుండి మరియొక కచేరికి పోవుచుండును. పురపాలకులు ఇది కార్ఖానా విషయ మందురు. కాలుష్య నియంత్రణ మండలివారు ఇది మురుగుకాలువ విషయ మందురు. రెవెన్యూవారు ఈ రెండును తమవి కావందురు. కాగితము తిరుగుచుండును, అర్జీదారుడు మాత్రము కదలక అదే గాలిని పీల్చుచుండును.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల ప్రజలు 2016 అక్టోబరు 11వ తేదీ వరకు జిల్లా కలెక్టరుతో పనిబడినచో మహబూబునగరమునకు పోవలసియుండెను. ఆనాటినుండి మూడును వేరువేరు జిల్లాలైనవి. మూడు పట్టణములందును కలెక్టరులు, రెవెన్యూ డివిజనల్ అధికారులు, పురపాలక కమిషనరులు కలరు. సోమవారములందు ప్రజావాణి పేర అర్జీలు స్వీకరింపబడుచున్నవి. కచేరి దగ్గరైనది, సంతోషము. కాని కచేరి దగ్గరైనంతమాత్రమున వినికిడి దగ్గరైనట్లు కాదు. దుర్గంధమును తొలగింపుమని కోరుట దయాభిక్ష కాదనియు, చట్టము విధించిన పనిని చేయుమని అడుగుటయే యనియు, ఆ పని ఎవరిదో చట్టమే నిర్ణయించి పెట్టినదనియు నేడు మా పాఠకులకును అధికారులకును మనవి చేయదలచితిమి.

ఈ అర్జీని అల్పమని త్రోసివేసిన ఫలమేమో మన పొరుగుననే కనబడినది. నారాయణపేట జిల్లా మరికల్ మండలమునందలి చిత్తనూరు పరిసర గ్రామములవారు అచ్చటి ఇథనాలు కార్ఖానానుండి దుర్వాసన వచ్చుచున్నదనియు, వ్యర్థజలము వాగులోనికి చేరుచున్నదనియు మొరపెట్టుకొనిరి. 2023 అక్టోబరులో వ్యర్థజలమును మోసికొనిపోవుచున్నదని తలచిన ట్యాంకరును వారు అడ్డగించిరి. పోలీసులకును ప్రజలకును ఘర్షణ జరిగెను. గాయములును కేసులును మిగిలినవి. అటుపిమ్మట జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్రా తీరమునందలి రాజోలి మండలము పెద్దధన్వాడకు అట్టి కార్ఖానాయే రానుండగా చుట్టుపట్ల గ్రామములవారు మొదటనే ఎదిరించిరి. 2025 జూను 4వ తేదీన నిర్మాణస్థలమున అల్లరి చెలరేగి వాహనములు తగులబడినవి. అనేకులపై కేసులు నమోదైనవి. అరెస్టయిన రైతులను ఆ నెలలోనే అలంపురము న్యాయస్థానమునకు బేడీలతో తీసికొనివచ్చిరి. లోకము ఛీకొట్టగా సంబంధించిన పోలీసులను సస్పెండు చేసిరి.

వాహనములను తగులబెట్టుటను మేము సమర్థింపము. గాంధీమహాత్ముని బాటను నమ్మినవారికి ఆ దారి నిషిద్ధము. అంతియకాదు, అది సత్యమైన ఫిర్యాదును సైతము నేరముగా మార్చి ప్రతిపక్షమునకు అందించును. అయినను ఒక ప్రశ్న. చిత్తనూరి గాలిని గూర్చిన మొరను మొదటి నెలయందే బహిరంగముగా విచారించి, ఆరోపణ నిజమైన ఆపించి, అబద్ధమైన అబద్ధమని లెక్కలతో చూపియుండినచో, పెద్దధన్వాడ రైతు అంతగా భయపడియుండునా? చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట పరిపాలన యనిపించుకొనదు.

చట్టము ఈ విషయమున మూగది కాదు. మధ్యప్రదేశమునందలి రత్లాము పట్టణమున 12వ వార్డు, న్యూరోడ్డు నివాసులు మనవంటి సామాన్యులే. బహిరంగ మురుగు, మలము, దానిపై ఒక ఆల్కహాలు కార్ఖానానుండి వీథిలోనికి పారు కంపునీరు, దోమలు – ఇవి వారి బాధలు. వారు కర్రలు పట్టలేదు. క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 133వ సెక్షను పట్టిరి. దుర్గంధ హేతువును తొలగింపుమని మేజిస్ట్రేటు పురపాలక సంఘమును ఆజ్ఞాపించెను. సొమ్ము లేదని సంఘమువారు సుప్రీముకోర్టు వరకు పోయిరి. 1980లో న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు వ్రాసిన తీర్పున ఆ సాకు చెల్లదనిరి. ప్రజల ఆరోగ్యమును కాపాడుటకే పుట్టిన సంస్థ, సొమ్ము లేదను మాటతో ఆ ధర్మమునుండి తప్పుకొనజాలదని నిర్ణయమైనది. మురుగుకాలువలు, మరుగుదొడ్లు కట్టింపుడనియు, కార్ఖానా నీటిని వీథిలోనికి రానీయకుడనియు ఆజ్ఞ వెడలెను. ఖైదీలకు అలవాటుగా బేడీలు వేయరాదని చెప్పిన ప్రేమశంకర్ శుక్లా కేసు తీర్పును గూడ ఆ 1980లోనే ఆ న్యాయమూర్తియే వ్రాసిరి. ఒకే యేడు, ఒకే కలమున వెలువడిన రెండు తీర్పులలో మొదటిదానిని గుర్తుంచుకొనియుండినచో అలంపురమున రెండవదానిని మరచు అవసరమే కలుగకుండెడిది.

నాటి 133వ సెక్షను 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనైనది. దాని ప్రకారము జిల్లా మేజిస్ట్రేటుగాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుగాని, అనగా మన కలెక్టరుగాని మన ఆర్.డి.ఓ.గాని, పోలీసు నివేదికపైననో ఇతరుల సమాచారముపైననో సాక్ష్యము చూచి, బాధను తొలగింపుమని షరతుతో కూడిన ఉత్తరువు ఈయవచ్చును. ఆక్షేపణ కలవాడు వచ్చి చెప్పుకొనును. చెప్పుకొనజాలకున్న ఉత్తరువు స్థిరపడును. పాఠకులు ఒక్క మాటను గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఏ వ్యాపారముగాని వృత్తిగాని సమాజముయొక్క ఆరోగ్యమునకో, లేక శరీర సౌఖ్యమునకో హాని చేసిన చాలునని ఆ సెక్షను చెప్పుచున్నది. కావున రోగము వచ్చినదని వైద్యుని చీటీ తెండని అడుగు అధికారి చట్టమును సగమే చదివినవాడు. అన్నము తిననీయని, నిద్రపోనీయని కంపు చట్టము దృష్టిలోనే బాధ.

ఇది కాలుష్య నియంత్రణ మండలి పని, నా పని కాదని చెప్పుటకును త్రోవ లేదు. 1974 నాటి జలచట్టము, 1981 నాటి వాయుచట్టము వచ్చిన పిదప మేజిస్ట్రేటుకు ఈ యధికారము పోయినదను వాదమును సుప్రీముకోర్టు 2003లో కేడియా లెదర్ అండ్ లిక్కర్ కేసున త్రోసిపుచ్చెను. మండలి యధికారము మండలిది. మేజిస్ట్రేటు యధికారము మేజిస్ట్రేటుది.

ఇక ఒక విచిత్రము గమనింపుడు. ఇదే సంహితలో పదునొకండు సెక్షనుల తరువాత 163వ సెక్షను కలదు. పూర్వము దాని పేరు 144. ఆ సంఖ్యను ఎరుగని భారతీయుడు లేడు. 1917లో చంపారను విడిచి పొమ్మని గాంధీజీకి వచ్చిన తాఖీదు దాని క్రిందిదే. మన నైజాము సీమలో సభ జరుపవలెనన్న గస్తీ నిషాన్ 53 అడ్డుపడుచుండెను గాన, నిషేధాజ్ఞల రుచి మన పెద్దలకును తెలియును. దొరతనములు మారినవి. నలుగురు గుమిగూడినచో 163ను వెదకు వ్రేళ్లు, నలుగురు ముక్కు మూసికొనినచో 152వద్ద ఏల నిలువవు? గ్రంథ మొక్కటే, అధికారి యొక్కడే, సంతకము నొక్కటే. ప్రజల నోరు మూయు సెక్షను నలిగిపోవుచుండగా, ప్రజల ముక్కును కాపాడు సెక్షను మడత చెడక యుండుట స్వరాజ్యమునకు శోభ కాదు.

కంపు కేవలము సుకుమారుల ఫిర్యాదని నవ్వువారు కొంత శాస్త్రమును వినవలెను. గాలి తగులక కుళ్లిన పదార్థమునుండి హైడ్రోజన్ సల్ఫైడను వాయువు పుట్టును. మురిగిన గ్రుడ్డు వాసన దానిదే. పదిలక్షల పాళ్ల గాలిలో ఒక పాలునకు లోపుగా నున్నను ముక్కు దానిని పట్టును. అదియే నూరు పాళ్లకు పెరిగినచో కొలది నిమిషములలో ఘ్రాణశక్తియే నశించును. వాసన పోయినదని మనుజుడు భ్రమించును, ప్రమాదము మాత్రము పెరుగును. మూసిన మురుగుగుంటలలో దిగిన పారిశుద్ధ్య కార్మికుల ప్రాణములు తీయుచున్నది ఇట్టి వాయువులే. స్వల్పమైన కంపునకైనను ముక్కు కొంతసేపటికి అలవాటుపడును. కావున పావుగంట నిలిచి "నాకేమియు తోచలేదు" అని వ్రాసిన నివేదిక సాక్ష్యము కాజాలదు. వేకువను, రాత్రియు, గాలి పడిపోయిన వేళను వచ్చి చూడవలెను.

1849, 1854 సంవత్సరములందు కలరా వేలకొలది లండను పేదలను మ్రింగినను కదలని పార్లమెంటు, 1858 వేసవిలో థేమ్సునది కంపు తన కిటికీలకు సోకగా, తెరలను సున్నపు మందులో తడిపి చూచి, అదియు చాలక కొన్ని వారములలో శాసనము చేసి బజల్జెట్టను ఇంజనీరుచేత నగరమంతటికిని భూగర్భ కాలువలు కట్టించెను. పాలకుల ముక్కునకు సోకిన కంపే కంపు! మన పట్టణములందును మురుగు తుద చేరునది పేదల వాడకే. చెత్తకుప్ప వెలయునది వారి ప్రక్కనే. అచ్చటి గాలి కచేరీలవైపు వీచునంతవరకు వేచియుండుట న్యాయమా?

నివారణోపాయము దేవరహస్యము కాదు. సప్తసముద్రములను త్రవ్వించిన వనపర్తి సంస్థానపు సీమలో, కేసరిసముద్రపు గట్టున వెలసిన నాగర్‌కర్నూలులో, నిలిచిన నీటికిని పారు నీటికిని గల భేదమును ఎవరికి నేర్పవలెను? కాలువకు వాలు ఈయవలెను, పూడిక తీయవలెను, తీసిన పూడికను గట్టుననే వదలి మరుసటి వానకు మరల అందే పడనీయరాదు. తడిచెత్తను పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేసి, తడిచెత్తకు గాలి ఆడునట్లు త్రిప్పుచు ఎరువు చేయవలెను. కార్ఖానా వ్యర్థజలము మూతలేని గుంటలో మురుగరాదు. పైన నాలుగు పిడికిళ్ల బ్లీచింగు పొడి చల్లుట అధికారి రాకకు ముగ్గు వేయుటయే. ఈ పనులలో మనిషిని గుంటలోనికి దింపుట ఎన్నటికిని కూడదు. 2013 నాటి చట్టము ఆ అమానుషమును నిషేధించినది. యంత్రము లేదనుట సొమ్ము లేదనుటకు తోబుట్టువే.

పౌరుల దోషమును దాచుట మిత్రధర్మము కాదు. ఇంటిలోని చెత్తను మూటగట్టి కాలువలో విసరి, మాంసపు దుకాణపు వ్యర్థములను రాత్రివేళ రోడ్డువార దింపి, తెల్లవారి పురపాలకులను నిందించుట తగదు. 1901 కలకత్తా కాంగ్రెసునందు గాంధీజీ ప్రతినిధుల మరుగుదొడ్ల కంపు చూచి, చీపురు తెచ్చి స్వయముగా శుభ్రముచేసిన సంగతి మనము మరువరాదు. చీపురు పట్టినవాని అర్జీకి బలము హెచ్చు.

అర్జీ వ్రాయు తీరును గూడ మార్చవలెను. "కంపు భరింపరాకున్నది, దయచూడుడు" అని వ్రాసిన అది కాగితములలో కాగితము. ఏ వీథి, ఏ తేదీ, ఏ గంట, గాలి ఏ దిక్కునుండి, మూలమెచ్చట, ఎన్ని యిండ్లకు బాధ అను సంగతులను నెలదినములు వ్రాసియుంచి, ఇరుగుపొరుగు చేవ్రాళ్లతో, 152వ సెక్షను క్రింద విచారింపుడని స్పష్టముగా ఆర్.డి.ఓ.గారికి సమర్పించి, రశీదు పుచ్చుకొనవలెను. ప్రతులను పురపాలక కమిషనరుకును కాలుష్య నియంత్రణ మండలికిని పంపవలెను. ప్రతి పఠనమందిరమునందును పత్రికల బల్లమీద ఇందుకొరకొక పుస్తకము నుంచిన, చదువురాని పొరుగువాని మాటను చదువరి వ్రాసిపెట్టగలడు. గద్వాల సీమలో పుట్టి, న్యాయవాదియై, గోలకొండ పత్రిక నడిపి, 1952లో వనపర్తి ప్రతినిధిగా శాసనసభకు వెళ్లిన సురవరము ప్రతాపరెడ్డిగారు మనకు మిగిల్చిన సొత్తు ఈ రాతబలమే. మూడు పట్టణముల న్యాయవాదులు ఇట్టి అర్జీలను ప్రతిఫలము లేక వ్రాసిపెట్టుదురని మా ఆశ; మా వంతు చేయుటకు మేము సిద్ధము.

అధికారులకు మా మనవి ఒక్కటే. అర్జీ అందిన వారమునందే స్థలమును చూడుడు. నెలలోపల ఉత్తరువు ఈయుడు. ఈయదగదని తోచిన, కారణములను వ్రాసి ఈయుడు. ఉత్తరువును పురపాలక కచేరి గోడకు అంటింపుడు. వినబడిన మొర వీథికెక్కదు. 152వ సెక్షను అక్కరకు వచ్చిన ఊరిలో 163వ సెక్షనుతో పనియుండదు. బేడీలతో అంతకన్నను పనియుండదు.