పాఠాంతరాల పెట్టె

తాళపత్ర గ్రంథం రాసి ముగించిన లేఖకుడు చివర్న ఒక విన్నపం చేసుకొనేవాడు: దీన్ని నూనె తగలకుండా, నీరు తగలకుండా, కట్టు వదులు కాకుండా, మూర్ఖుడి చేతిలో పడకుండా కాపాడండి అని. ఆకులు పోయి కాగితాలు వచ్చాయి. కాగితాలు పోయి కంప్యూటర్లూ ఫోన్లూ వచ్చాయి. ఆ విన్నపంలో మాత్రం మార్చవలసింది పెద్దగా యేమీ లేదు. నూనె బెడద తగ్గి కరెంటు బెడద వచ్చింది, అంతే.

నీటి సంగతి బోగోలు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును కళ్ళారా చూసినవాళ్ళు మా వైపు యింకా చాలామంది వున్నారు. ఆ రాత్రి మా యింటి పెంకులు లేచిపోయి, ట్రంకుపెట్టెలోని దస్తావేజులూ, తాతగారి ఉత్తరాలూ, పెళ్ళి ఫోటోలూ తడిసి ముద్దయ్యాయి. దస్తావేజులకు రిజిస్ట్రారాఫీసులో నకళ్ళు దొరికాయి. ఉత్తరాలకు నకళ్ళు యే ఆఫీసులో దొరుకుతాయి?

ఆ ప్రశ్నే యిప్పుడు మా యింట్లో ఒక పాత కంప్యూటరుకు ఉద్యోగం యిప్పించింది. దానికి సర్వరు అని హోదా. లోపల నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు. నలుగురి ఫోన్లలోని ఫోటోలూ, నా పాఠాలూ, మా అమ్మ పాడగా రాసుకొన్న దంపుళ్ళ పాటలూ రాత్రి రెండింటికి అది తనంతట తానే నకలు తీసుకొంటుంది.

"రోజుకో నకలా! అయితే యేడాదికి మూడువందల అరవయ్యయిదు బీరువాలు కొంటారు కాబోలు" అన్నది మా ఆవిడ.

ప్రశ్న సబబైనదే. జవాబు మాత్రం కంప్యూటరు పండితులకంటె ముందు మన పరిష్కర్తలకు తెలుసు. 1820లో ఉద్యోగరీత్యా కడప చేరిన సి. పి. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి, సొంత డబ్బు ఖర్చుపెట్టి, ఒకే కావ్యానికి పలుచోట్ల ప్రతులు సేకరించి పోల్చి చూపించాడు. పది ప్రతులు దొరికాయని కావ్యాన్ని పదిసార్లు అచ్చువేయరు కదా! పాఠం ఒక్కసారే వేస్తారు. తేడాలు మాత్రం పుట అడుగున పాఠాంతరాలుగా చూపిస్తారు. వాటి సాయంతో ఫలానా ప్రతిలో యెలా వుండేదో తిరిగి కట్టుకోవచ్చు.

డీడూప్లికేషన్ అనే నోరు తిరగని పేరుతో జరిగేది సరిగ్గా యిదే. బోర్గ్, రెస్టిక్ అనే ఉచిత ప్రోగ్రాములు రెండున్నాయి. అవి ఫైళ్ళను ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కకూ వేలిముద్రవంటి ఒక పెద్ద సంఖ్య లెక్కకడతాయి. ఆ సంఖ్య గల ముక్క పెట్టెలో ముందే వుంటే మళ్ళీ దాచవు. "పాతదే" అని రాసుకొని వూరుకొంటాయి. యీ రాత్రి యే ఫైలు యే ముక్కలతో కూడి వున్నదో తెలిపే జాబితాయే స్నాప్‌షాట్. జాబితాకు యెంత చోటు కావాలి!

ముక్క యెక్కడ కోయాలన్న దాన్లో వున్నది నేర్పంతా. గ్రంథాన్ని పుటలవారీగా విడదీశామనుకోండి. మొదట్లో ఒక్క పంక్తి చేర్చగానే ప్రతి పుటలోనూ సరుకు జరిగిపోయి, అన్నీ కొత్త పుటలైపోతాయి. పద్యాలవారీగా విడదీస్తే, చేర్చిన చోట తప్ప మిగతావి చెక్కుచెదరవు. యీ ప్రోగ్రాములు కొలతనుబట్టి కాక, లోపలి సరుకునుబట్టి హద్దులు వేస్తాయి. అందుకే పొదుపు. అయితే మంత్రమేమీ కాదు సుమండీ: వెయ్యి వేరువేరు ఫోటోలు తీస్తే వెయ్యింటికీ చోటు కావలసిందే. ఒకే పెళ్ళిఫోటో బైటు తేడా లేకుండా నాలుగు ఫోన్లలోనూ వుంటే మాత్రం ఒక్కదానికే చోటు.

పాత జాబితాలన్నీ కలకాలం వుంచనక్కరలేదు. రోజువారీవి యేడు, వారాలవి నాలుగు, నెలలవి పన్నెండు వుంచుతున్నాను. దాని విలువ మొన్న తెలిసింది. మా అమ్మాయి యేదో తొందరలో నాయనమ్మ పాటల ఫైలు తెరిచి, వున్నదంతా చెరిపి, తన సైన్సు ప్రాజెక్టు అందులో రాసి భద్రపరిచింది. పన్నెండు రోజులకుగాని యెవరమూ గమనించలేదు. "నాన్నా, నాయనమ్మ పాటలు..." అంటూ బావురుమన్నది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. మళ్ళీ పాడించుకొందామంటే కుదిరే పని కాదు. రోజువారీ జాబితాల గడువు దాటిపోయింది. వారాలవాటిలో ఒకటి పాత పాఠాన్ని చెక్కుచెదరకుండా అప్పగించింది.

యిక్కడ ఒక మెలిక వున్నది, దాన్ని చాలామంది చూడరు. వంద స్నాప్‌షాట్లు వున్నాయంటే వంద ప్రతులు వున్నాయని కాదు. ముక్క ఒక్కటే. అది పుచ్చిపోతే దానిమీద ఆధారపడ్డ జాబితాలన్నీ ఒక్కసారే చెడతాయి. పొదుపు యెంత యెక్కువైతే ఆధారం అంత సన్ననవుతుంది. అందుకే రెండు డిస్కులు ఒకదానికొకటి ప్రతిబింబంగా పనిచేస్తాయి. నెలకొకసారి వేలిముద్రలన్నీ తిరిగి సరిచూస్తాయి. కాని యీ రెండు డిస్కులూ ఒకే కప్పు కింద వున్నాయి. ఆ కప్పు సంగతి 1989 చెప్పనే చెప్పింది.

కాబట్టి మూడో ప్రతి కడపలో మా బావమరిది యింట్లో వుంచాం. మొదటిసారి మొత్తం డిస్కుకు యెక్కించి బస్సులో మోసుకెళ్ళాం. "యేం తెచ్చావు బావా, స్వీట్లా?" అని ఆశగా అడిగాడు పాపం. ఆ తరువాత రాత్రిపూట కొత్త ముక్కలు మాత్రమే తీగమీద వెళుతున్నాయి. కడప పెట్టెలో చేర్చే హక్కేగాని చెరిపే హక్కు బోగోలు పెట్టెకు లేదు. రేపు దొంగ ప్రోగ్రామేదైనా యిక్కడ చొరబడినా, అక్కడ దాని ఆటలు సాగవు.

యివన్నీ తాళం వేసిన పెట్టెలు. సంకేతపదం మరిచిపోతే సర్వస్వమూ వుండీ లేనట్టే. మరో తాళంచెవి చేసిపెట్టేవాడు యెవడూ లేడు. దాన్ని మాత్రం కాగితంమీద రాసి రెండు యిళ్ళ బీరువాల్లోనూ పెట్టాం. తీసి చూడని నకలును నమ్మడం కూడా తగదు. మూడు నెలలకొకసారి యేదో ఒక ఫైలు కోరుకొని, కడపనుంచి తెప్పించి, తెరిచి చదువుతాం. యీసారి వంతు మా ఆవిడది. పాటల్లో యేది తెప్పించాలో నిన్నటినుంచీ ఆలోచిస్తున్నది.